బరువు నేల మీద ఉన్నప్పుడు

ఒంటె పాలలో వెన్న తీయడం ఎవరి తరమూ కాదంటారు.
కలాచా నుంచి మర్సబిట్ దాకా ఉన్న దారి తీసేది.
చల్బీ ఎడారి దాటగానే నేలంతా రేకు కప్పులా అలలు అలలు.
నా పళ్ళు ఒకదాన్నొకటి తిట్టుకునేవి.
వెనక ఇరవై రెండు పాల డబ్బాలు
వాటి గొడవ అవి పడేవి.

వెనక షాకబ్జార్బర్లు చచ్చిపోయాయని తెలుసు.
నూనె కారి, దానికి దుమ్ము పట్టి,
నల్లగా అట్ట కట్టి ఉన్నాయి.
కొత్త జత కొని నేనే బిగించాను
బండిని జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా,
రెండు చేతులా స్పానరు పట్టి,
ఇక తిరగనని నట్టు మొత్తుకునేదాకా.

తొమ్మిదో రోజుకి టక్కు టక్కు.
ప్రతి గుంతకీ, బండి కింద ఎవరో
లోపలికి రానివ్వమని తలుపు తడుతున్నట్టు.

కబాలే షెడ్డు లారీల అడ్డా వెనక.
టార్చి నోట కరుచుకుని కిందికి దూరింది.
చాలాసేపు చప్పుడు లేదు.
తర్వాత చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది,
అరచేతిలో చిరిగిన రబ్బరు బుష్షు.

"మెడ మెలిపెట్టి పడుకోబెట్టావు దీన్ని, జిర్మా.
గాల్లో ఉండగా బిగిస్తే
దానికి గాలే ఇల్లనుకుంటుంది.
చక్రం నేలకి దిగిన క్షణం నుంచీ
ఇంటికి పోదామని గుంజుతూనే ఉంటుంది."

మళ్ళీ నాచేతే చేయించింది.
ముందు యాక్సిల్ కింద ఇంకో జాకీ.
లేకపోతే షాకు ఊడదీయగానే అది జారి
బ్రేకు గొట్టాన్ని పట్టుకు వేలాడుతుందట,
పాపం, అంత బరువుకి పుట్టింది కాదు అది.

కొట్లో నెలల తరబడి అడ్డంగా పడుకుని వచ్చిన కొత్త షాకుని
నిలువుగా పట్టుకుని నొక్కమంది, లాగమంది.
మొదటిసారి లోపల గుటక.
రెండోసారి సగం గుటక.
నాలుగోసారికి చప్పుడు లేదు,
పాకం తిప్పుతున్నట్టు చేతికి ఒకటే బరువు.
"ఊఁ. గాలి పోయింది."

మెరిసే కడ్డీని పట్టకారుతో పట్టబోతే
చేతి మీద ఒక్కటి వేసింది.
వెంట్రుకంత గీత చాలట, సీలుని కోసెయ్యడానికి.

పైన గిన్నె వాషరు బోర్లా పెట్టాను.
ఆమె ఏమీ అనకుండా టీ తాగుతూ కూర్చుంది.
గ్లాసు ఖాళీ అయ్యేసరికి నాకే తెలిసింది,
గిన్నె నోరు రబ్బరు వైపు ఉండాలి.
రబ్బరు ఉబ్బి వాషరు అంచుని తాకింది.
"అక్కడ ఆగు."
ఆగడం కూడా పనేనని
అంతవరకూ ఎవరూ చెప్పలేదు నాకు.

కింద నట్టు మాత్రం వేళ్ళతో తిరిగినంతే తిప్పి వదిలేశాం.
జాకీలు తీసేశాం.
డబ్బాలన్నిట్లో నీళ్ళు నింపి ఎక్కించాం.
బండిని పదడుగులు ముందుకి, పదడుగులు వెనక్కి.
ఒంటె మోకాళ్ళు సర్దుకుని, ఒకసారి కదిలి,
ఇక ఇక్కడేనని కూర్చున్నట్టు
వెనకభాగం కుదుటపడింది.

"ఇప్పుడు బిగించు," అంది.
వీపు కింద గులకరాళ్ళు, ముక్కు మీద గేరు నూనె చుక్క.
బరువంతా నా మీదికి చూస్తూ ఉండగా
బిగించాను.

శనివారం ఎడారి దాటాను.
దారేమీ నున్నబడలేదు.
అల వచ్చింది. కానీ ఒక్కసారే వచ్చింది.
ఇదివరకు ప్రతి అలా వచ్చి, వెళ్ళినట్టే వెళ్ళి,
మర్చిపోయిందేదో గుర్తొచ్చినట్టు మూడుసార్లు తిరిగొచ్చేది.

మర్సబిట్ బజారులో తల్లాసో డబ్బా మూత తీసింది.
మూత లోపలి అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకుంది.
ఇంకో డబ్బా. ఇంకోటి.
"వెన్న ఏది?"
ఇన్నాళ్ళూ మూతలకి అంటుకున్నదంతా గీకి
మనవడి పగిలిన మడమలకి రాస్తోందట.

నట్లు కాస్త వదులు చెయ్యనా, అన్నాను నవ్వుతూ.
ఆమె నవ్వలేదు.
నిజంగానే ఆలోచిస్తోంది.